కత్తెర పడని బట్ట

మా దుకాణంలో "రేపు" అనే మాటని కనిపెట్టింది నేనేనని మా వదిన ఇప్పటికీ అంటుంది. అది అన్యాయం. కనిపెట్టింది మా ఆయన. నేను దాన్ని వాడుకలోకి తెచ్చానంతే.

మా ఆయన టైలరు. వీధి వీధంతా ఆయన్ని మాస్టర్ అనే పిలుస్తుంది. వంగిన భుజం మీద కోటు తిన్నగా నిలబెట్టాలన్నా, లావుపాటి మనిషిని కాస్త సన్నంగా చూపించాలన్నా ఆయన తరవాతే ఎవరైనా. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, ఎవరికీ కాదని చెప్పలేడు. చేతిలో ఎంత పనున్నా సరే, బట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి మొహం చూశాడంటే కరిగిపోతాడు. "ఇలా ఇవ్వండి, చూద్దాం" అంటాడు. ఇచ్చిన బట్ట బల్ల మీద పరిచీ పరచకముందే అంచున కత్తెర పెట్టేస్తాడు. కొలతలు కూడా తీసుకోకుండా, రెండు వేళ్ళ లోతున, కరుక్కున ఒక్క గాటు. అది కుట్టు మొదలుపెట్టడానికి కాదు. కత్తెర పడ్డ బట్టని ఎవరూ ఇంకో దుకాణానికి పట్టుకుపోరు. పని నేర్పిన గురువు దగ్గర ఆయన నేర్చుకున్న మొదటి పాఠం అదేనట. ఆ గాటు ఎలాగూ కుట్టు లోపలికి పోతుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదని ఆయన వాదన.

గాటు పడ్డాక ఆ మనిషి నా వంతు. గుమ్మం పక్కన ఎత్తు కుర్చీలో కూర్చుని రోజు చెప్పేదాన్ని. ఆ రోజుకి వచ్చినవాళ్ళకి ఇంకో రోజు చెప్పేదాన్ని. కాజాలొక్కటే మిగిలాయనీ, ఇస్త్రీకి వెళ్ళిందనీ, ఇప్పుడే మడత పెడుతుంటే బొత్తాం ఊడిందనీ, మనిషిని బట్టి, మొహంలో కోపాన్ని బట్టి చెప్పేదాన్ని. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు, అయినా నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా ఉద్యోగం అదే. మాకు పిల్లల్లేరు. దుకాణం వెనక రెండు గదులే ఇల్లు. మా కాపురమంతా నిజానికి ఆ కత్తెర బల్లకీ నా కుర్చీకీ మధ్యనే జరిగింది.

ఆ దుకాణంలో కత్తెర పడని బట్ట ఒకే ఒక్కటి ఉండేది. ఎప్పుడో ఆయన కోసం నేను కొన్న తెల్లటి నూలు బట్ట. రెండు చొక్కాలకీ ఒక పైజామాకీ సరిపోతుంది. అందరికీ కుట్టే మనిషి మోచేతులు చిరిగిన చొక్కాతో తిరుగుతుంటే నాకు నామోషీగా ఉండేది. "రేపు కుట్టుకుంటాను" అని ఆయన దాన్ని పై అరలో పెట్టాడు. ఆ బేరం ఎక్కడికీ పారిపోయేది కాదు కదా, అందుకని దానికి గాటు కూడా పెట్టలేదు.

ఆ ఏడాది వానలు మొదలయ్యేనాటికి నాకు నిద్ర దూరమైంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఎవరికి ఏ రోజు చెప్పానో వరసగా కదిలేది. ఫలానా ఆమెకి కాజాలన్నానా, ఇస్త్రీ అన్నానా? ఒకే మనిషికి రెండుసార్లు బొత్తాం ఊడిందని చెప్పానా? పగలు కూడా ఒక్కచోట నిలవలేకపోయేదాన్ని. కుర్చీ దిగి నీళ్ళు తాగి వచ్చి కూర్చుని, మళ్ళీ దిగి గుమ్మంలోకి వెళ్ళి వీధిలోకి చూసేదాన్ని. "కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు" అని ఆయన విసుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం కోటు రంగుకి సరిపడే దారం కోసం వెళ్ళి వస్తుంటే వాన పట్టుకుంది. పాత టైర్లు అమ్మే కొట్టు పక్కన మెట్ల కింద నిలబడ్డాను. మెట్ల పొడుగునా చెప్పులున్నాయి. పైనుంచి ఆడవాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి. గొడుగు లేదు, వాన తగ్గేలా లేదు, ఊరికే నిలబడటం అసలే నా ఒంటికి పడదు. ఎక్కి చూశాను. అది బౌద్ధుల విహారమట. పొడుగాటి గది, చాపలు, ఒక చివర చిన్న బుద్ధుడి బొమ్మ. గుండు చేయించుకున్న భిక్షుణులు ఒకవైపు, నాలాంటి సంసారులు ఒకవైపు కూర్చున్నారు. అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలి భిక్షుణి ఒక్కొక్క మాటే చెబుతుంటే మిగతావాళ్ళు వెంట అంటున్నారు. ప్రాణం తియ్యను. ఇవ్వనిది తీసుకోను. తప్పుడు పొందుకి పోను. అబద్ధమాడను. మత్తు ముట్టను.

నేనూ పెదవులు కదిపాను. మొదటిది ఫరవాలేదనిపించింది, దోమల సంగతి తరవాత చూసుకోవచ్చు. రెండోదాని దగ్గర మా ఇంట్లో బొంత గుర్తుకొచ్చింది. వీధిలో ప్రతి ఇంటి బట్టల్లోంచీ మిగుల్చుకున్న ముక్కలతో కుట్టిన బొంత అది. నాలుగోదాని దగ్గర నోరు పెగల్లేదు. పక్కనున్నామె నావైపు చూస్తే దగ్గు వచ్చినట్టు నటించాను. అది కూడా అబద్ధమేనని మెట్లు దిగుతుంటే తట్టింది.

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఎందుకంటే అక్కడ ఎవరూ నన్ను ఎప్పుడిస్తారని అడగరు. కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకోమన్నారు. ఊపిరి బదులు నాకు మోకాళ్ళు కనిపించేవి, మోకాళ్ళు పోతే ముక్కు మీద దురద, అదీ పోతే కోటు కోసం తిరుగుతున్న ఫలానా పెద్దాయన. కదలకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ మెట్లు ఎక్కేదాన్నే కాదు. అయినా ఏదో ఒక క్షణం మాత్రం, చెరువులో మట్టి కిందికి దిగినట్టు, లోపల తేటపడేది. ఆ క్షణం కోసం వెళ్ళేదాన్ని.

వానాకాలం నెలల్లో భిక్షుణులు ఎక్కడికీ ప్రయాణాలు పెట్టుకోరు, ఒక్కచోటే ఉండిపోతారు. ఆ కాలం మొదలైన పున్నమి నాడు నేను బుద్ధుణ్ణీ, ధర్మాన్నీ, సంఘాన్నీ శరణు కోరాను. ఆ అయిదు మాటల్నీ శీలాలంటారు, వాటిని గట్టిగా, దగ్గకుండా తీసుకున్నాను. ఆ రోజు పడుకుంటే తెల్లారేదాకా మెలకువ రాలేదు. ఆయనతో చెబితే మంచిదేగా అన్నాడు. ఏదో కషాయం పుచ్చుకుని వచ్చాననుకున్నాడు పాపం.

మర్నాడే తెలిసింది కషాయం ఘాటు. బ్యాంకులో పనిచేసే ఆయన ఒకడు కూతురి పెళ్ళికి కోటు బట్ట తెచ్చాడు. నెలాఖరున పెళ్ళి. మా ఆయన చూద్దామన్నాడు, గాటు పెట్టేశాడు, తలతిప్పి నావైపు చూశాడు. నేను ముందున్న పనులన్నీ మనసులో లెక్క వేసుకుని, నెలాఖరుకి కాదండీ, వచ్చే నెల నడిమికి అవుతుందన్నాను. ఆ బ్యాంకాయన నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు. కాదని తెలిశాక బట్ట తీసుకున్నాడు. గాటు చూశాడు. నన్నూ మా ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ చూపుకి మా ఆయనకి తల కొట్టేసినట్టయింది.

అంతటితో ఆగానా, లేదు. మిగిలిన ముక్కలు మడతపెట్టి ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యడం మొదలుపెట్టాను. మెచ్చుకుంటారనుకున్నాను. ఇన్నాళ్ళూ మిగిలినవి ఏమయ్యాయని అడిగారు. ఏమయ్యాయో చెప్పాను. కొందరు బొంత చూపించమన్నారు. ఒకావిడ దాని మీద తన పాత గౌను ముక్కని గుర్తుపట్టి, నేను ఎంత బతిమాలినా వినకుండా, అప్పట్లో తను ఎంత సన్నగా ఉండేదో వచ్చినవాళ్ళందరికీ చెబుతూ కూర్చుంది. బేరాలు తగ్గాయి. బల్ల మీద బట్టలు తగ్గిన కొద్దీ మా ఆయన మొహం మాడుతూ వచ్చింది.

ఆయన ఒంటికాలి మీద లేచి ఉంటే నేనూ లేచేదాన్ని. అలా లేవలేదు. ఒక సాయంత్రం దుకాణం మూసి, బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఇన్నేళ్ళూ ఆ అబద్ధాలు ఇద్దరం కలిసే ఆడాం. ఇప్పుడు నువ్వు చేతులు దులుపుకుని అవతల నిలబడ్డావు. మరి నేనెవర్ని?" అన్నాడు.

శీలం తీసుకున్నది నేను, దొంగగా మిగిలింది ఆయన. నేను అలా అనుకోలేదని చెప్పబోయాను, కానీ అనుకున్నాను. కాబట్టి అది చెప్పడానికీ వీల్లేకపోయింది.

ఆ వారంలోనే ఆయన వాళ్ళక్కని పిలిపించి నా కుర్చీలో కూర్చోబెట్టాడు. మా వదిన మాటకారి. నేను ఇన్నేళ్ళు కాజాలతో, బొత్తాలతో నెట్టుకొచ్చిన పనిని ఆవిడ ఎక్కడికో తీసుకుపోయింది. తమ్ముడికి జ్వరమంది. జ్వరం తగ్గేలోగా నడుం పట్టేసిందంది. ఒకరోజు ఏకంగా చూపు మందగించిందని కంటతడి పెట్టింది. పాతికేళ్ళుగా మా దగ్గర కుట్టించుకుంటున్న పెద్దాయన పళ్ళు పట్టుకుని పరామర్శకి వస్తే, మా ఆయన గబగబా వెనక గదిలోకి వచ్చి మంచం మీద పడుకోవాల్సి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. దుప్పటి కప్పమని సైగ చేశాడు. కప్పితే అబద్ధం, కప్పకపోతే మొగుడి పరువు పోతుంది అని నేను ఆలోచిస్తుండగానే ఆ పెద్దాయన లోపలికి వచ్చేశాడు. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసుకున్న కళ్ళలోంచి కూడా నామీది కోపం కనిపించింది.

నవ్వు రావలసిన చోట కూడా ఆ రోజుల్లో నాకు నవ్వు రాలేదు. దుకాణానికీ ఇంటికీ మధ్య ఒక్క తెరే అడ్డం. అవతల కత్తెర చప్పుడు, మిషను చప్పుడు, వదిన కబుర్లు. ఇవతల నేను. వంట అయిపోయేది, ఇల్లు ఊడవడం అయిపోయేది, మళ్ళీ ఊడిచేదాన్ని. తెర దాకా వెళ్ళి, చెయ్యి వేసి, వెనక్కి వచ్చేదాన్ని. నాకు కావలసింది ఆ కుర్చీ. ఆయన బట్ట పరుస్తూ ఒకసారి, కత్తెర దించుతూ ఒకసారి తల ఎత్తి నావైపు చూసే చూపు. అది పోతే ఆ ఇంట్లో నాకు ఇంకేమీ లేదని తెలిసిపోయింది. అలాగని నోరు తెరిచి రేపు రమ్మనడం ఇక నావల్ల కాదు. రెండూ కావాలనుకుంటే ఎలా కుదురుతుందో తెలియలేదు.

పెద్దమ్మ దగ్గర చెప్పుకుని ఏడ్చాను. నిజం చెబుతున్నందుకే నా ఇల్లు కూలుతోందన్నాను. ఆవిడ చాలాసేపు విన్నారు.

"అబద్ధమాడొద్దన్నాం. నిజం పెట్టి కొట్టమని అనలేదు. నిజమైనా సరే, అవతలివాళ్ళకి పనికొచ్చేలా, తగిన వేళలో, మెత్తగా చెప్పాలి. అది కూడా శీలమే," అన్నారు.

మెత్తగా చెప్పడం మా వీధిలో ఎవరికీ అలవాటు లేని పని. నేను ఇంటికి వచ్చి దాన్ని గురించి ఆలోచించాను గానీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

వానాకాలం చివరికొచ్చింది. ఒకరోజు పెద్దమ్మే ఊచ విరిగిన గొడుగేసుకుని మా దుకాణానికి వచ్చారు. ఆ కాలం ముగిశాక ఒక ప్రత్యేకమైన రోజు ఉంటుందని, ఆ రోజు భక్తులిచ్చిన బట్టతో ఒక చీవరం, అంటే భిక్షుణులు కట్టుకునే వస్త్రం, తయారు చేస్తామని మా ఆయనకి చెప్పారు. ఉదయం బట్ట చేతికి వస్తుంది. దాన్ని కోసి, కుట్టి, రంగువేసి, ఆరబెట్టి, చీకటి పడేలోగా పూర్తి చెయ్యాలి. ముందురోజు ఆ బట్ట మీద కత్తెర గానీ సూది గానీ పడకూడదు. ఒక్కరోజు దాటినా, ముందే చెయ్యి పడినా అది పనికిరాదు. ఏటా కోసి ఇచ్చే భిక్షుణికి కంటి ఆపరేషను అయింది, మీరు వచ్చి సాయం చేస్తారా అని అడిగారు.

"దానికేముందమ్మా, తప్పకుండా," అన్నాడు మా ఆయన. కాదనడం ఆయనకి రాదు కదా.

పెద్దమ్మ తెర పక్కన నిలబడ్డ నావైపు తిరిగి, ఆయన వస్తారా అని అడిగారు. అడగకుండా ఉంటే బాగుండేది.

"రాకపోవచ్చమ్మా. చెప్పిన రోజుకి ఈ దుకాణంలోంచి ఏదీ బయటికి వెళ్ళలేదు," అన్నాను. ఎంత మెత్తగా అందామనుకున్నా అది మెత్తగా రాలేదు.

వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. మా ఆయన మొహం కందిపోయింది. పెద్దమ్మ గొడుగు తెరుచుకుంటూ, మీరు వస్తారనే నేననుకుంటున్నానని ఆయనతో చెప్పి వెళ్ళిపోయారు. ఆ పూట నుంచి ఆయన నాతో నేరుగా మాట్లాడటం మానేశాడు. కూర్చుని తినేది నా ఎదురుగానే, కానీ ఉప్పు కావాలంటే, "అక్కా, ఉప్పు వెయ్యమను" అనేవాడు.

ఆ రోజుకి ముందు సాయంత్రం విహారం ఆడవాళ్ళు కొత్త బట్ట తెచ్చి మా ఇంట్లో పెట్టారు. విహారం పైకప్పు కారుతోంది, ఇక్కడైతే తడవదని. నేను కాగితం విప్పకుండానే వదిన చేతికిచ్చి, దీన్ని జాగ్రత్తగా పైన పెట్టండి, రేపటిదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. కాగితం చెమ్మగా ఉందని వదిన దాన్ని తీసేసి, ఆరుతుందని బట్టని బల్ల మీద పరిచి, ఆరాక మడిచి పైన పెట్టిందట. ఇదంతా నాకు తరవాత తెలిసింది.

పొద్దున్నే నాకంటే ముందు ఆయనే తయారయ్యాడు. గడ్డం గీసుకున్నాడు. తన కత్తెర గుడ్డలో చుట్టుకున్నాడు. చేతి మిషనునీ ఇస్త్రీ పెట్టెనీ బండి మీద పెట్టించి, వానకి పైన పట్టా కప్పాడు. వానాకాలం ముగిసిందన్నది లెక్కకే గానీ వాన మాత్రం పడుతూనే ఉంది. ఆయన వెనక నడుస్తుంటే నాకు సంతోషం పట్టలేదు. నన్ను ఓడించడానికైనా సరే, వస్తున్నాడు కదా. ఆయన మొహంలో ఏదో బెంగ ఉంది. కొత్తచోటికి వెళ్తున్నందుకనుకున్నాను.

విహారం నిండా జనం. సగం మంది మా దుకాణంలో బట్టలిచ్చి తిరుగుతున్నవాళ్ళే. బట్టని పెద్దమ్మ ముందు పరచడానికి ఒక అంచు నేను, ఒక అంచు ఇంకొకామె పట్టుకున్నాం. మడత విప్పుతుంటే నా బొటనవేలు కింద ఏదో చీలినట్టు తగిలింది. చూశాను. అంచున, రెండు వేళ్ళ లోతున, శుభ్రంగా ఒక్క గాటు.

ఆ గాటు ఎవరిదో నేను నిద్రలో తడిమినా చెప్పగలను. తల ఎత్తాను. మిషను పక్కన నిలబడ్డ మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఎంతకాలంగానో నేను మొహం వాచిపోయిన ఆ చూపు అదే, తీరా చూస్తే ఇలాంటప్పుడు వచ్చింది.

నా బొటనవేలు ఆ గాటు మీదే ఉంది. తీస్తే అందరికీ కనిపిస్తుంది. తియ్యకపోతే ఎవరికీ తెలియదు, చీవరమంటేనే ముక్కలు కోసి కలిపి కుట్టేది, ఆ కోతల్లో ఇది కలిసిపోతుంది. చెబితే ఇంతమందిలో ఆయన మొహం ఎత్తుకోలేడు, ఇక ఆ కుర్చీ మాట మరిచిపోవడమే. చెప్పకపోతే నేను శరణు కోరింది దేన్ని? తగిన వేళ అన్నారు పెద్దమ్మ. తగిన వేళ ఇదా, కాదా? బట్ట అంచు నా పట్టులోంచి జారబోయింది. అవతలి ఆమె గట్టిగా పట్టుకోమంది.

పెద్దమ్మ, ఎప్పుడూ అడిగే ప్రశ్నే కాబోలు, నెమ్మదిగా అడిగారు. "బట్ట నిండుగా ఉందా? ఎవరి చెయ్యీ పడలేదు కదా?"

నేను నోరు తెరిచాను.

"పడిందమ్మా," అన్నాడు మా ఆయన. "నిన్న సాయంత్రం నేనే కత్తెర పెట్టాను. కావాలని కాదు. బల్ల మీద కొత్త బట్ట కనిపిస్తే నా చెయ్యి ఆగదు."

ఎందుకు ఆగదని పెద్దమ్మ అడిగారు. ఆయన చెప్పేశాడు. గాటు పెట్టకపోతే బట్ట వెనక్కి పోతుందని భయమని, పనివాడైన దగ్గర్నుంచీ అదే భయమని. దుకాణం గుట్టంతా అలా ఒక్క మాటలో బయటపడిపోయింది. మా దగ్గర కుట్టించుకునే ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను బొటనవేలు తీశాను. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతో కాదు, ఆయన మీద ఇష్టంతో.

"మా దగ్గర్నుంచి ఎక్కడికి పోతుందండీ బట్ట," అని పెద్దమ్మ నవ్వారు. దీన్ని కిటికీకి తెరగా కట్టుకుందాం, ఇంకో తెల్లబట్ట దొరికితే పని మొదలుపెడదాం, ఇంకా పొద్దెక్కలేదు కదా అన్నారు. కానీ ఆ రోజు బజారుకి సెలవు. ఎవరింట్లో చూసినా పూలవో చారలవో. అందరూ దిక్కులు చూస్తుండగా మా ఆయన, ఇప్పుడే వస్తానని మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడే వస్తానన్న మాట ఆయన నోట వినని మనిషి ఆ గదిలో లేడు. పరామర్శకి పళ్ళు తెచ్చిన పెద్దాయన గట్టిగా నిట్టూర్చాడు. ఒకావిడ నా పక్కకి జరిగి, వస్తారంటావా అని అడిగింది.

వెనకటి రోజుల్లో అయితే, దారిలో ఉన్నారు, వచ్చేస్తున్నారు అని ఉండేదాన్ని. "తెలియదు," అన్నాను. నిజంగానే తెలియదు. కిటికీ దగ్గరికి వెళ్ళాను, మెట్ల దగ్గరికి వెళ్ళాను, వచ్చి చాప మీద కూర్చున్నాను, లేచాను. భిక్షుణులు ఏమీ జరగనట్టు రంగునీళ్ళు మరిగించుకుంటున్నారు. వాన ఇంకా పెద్దదైంది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఆయన నిలువునా తడిసి ఉన్నాడు. చొక్కా లోపల, ఒంటికి అదుముకుని, ప్లాస్టిక్ సంచిలో ఏదో ఉంది. బయటికి తీశాడు. పై అరలోని తెల్ల నూలు బట్ట. మడతల దగ్గర కాస్త పసుపు పట్టింది, అంతే.

"అది మీది కదా," అన్నాను. ఎన్నాళ్ళ తరవాతో నేరుగా ఆయనతో అన్న మాట.

"అందుకే తెచ్చాను. మిగతావన్నీ ఎవరో ఒకరివి," అన్నాడు. సంచి మీది నీళ్ళు దులుపుతూ, "కత్తెర పడనిది మన దగ్గర ఇదొక్కటే ఉంది," అన్నాడు.

పెద్దమ్మ రెండు చేతులతో అందుకున్నారు. విప్పి, అంచులన్నీ చూసి, మళ్ళీ ఆయన ముందు పరిచారు. ఆయన కత్తెర తెరిచి బట్ట మీదికి వంగాడు. వంగి, ఆగాడు.

"పెట్టనా?" అన్నాడు.

"పెట్టండి," అన్నారావిడ.

ఆయన ఆ మాట అడగడం నేను అంతకుముందెన్నడూ వినలేదు.

ఇక చూడాలి ఆయన పని. చీవరాన్ని పొలం గట్ల మాదిరి, పెద్ద మళ్ళూ చిన్న మళ్ళూగా ముక్కలు కోసి కలపాలట. అంత మంచి బట్టని ముక్కలు చేసి మళ్ళీ అతకడం ఏమిటని మొదట గొణిగాడు. ముక్కలైతే దొంగకి పనికిరాదు, మనకి ఆశ పుట్టదు అని పెద్దమ్మ చెబితే, మా దుకాణంలో ముందు మాయమయ్యేవి ముక్కలేనమ్మా అన్నాడు. బొంతలో తన గౌను ముక్కని గుర్తుపట్టిన ఆవిడ అందరికంటే గట్టిగా నవ్వింది. ఆయన కోస్తుంటే ఇద్దరు భిక్షుణులు ముక్కల్ని గుండుసూదులతో గుచ్చి ఇచ్చారు, నేను అంచులు మడిచి పట్టుకున్నాను. మిషను చక్రం ఆగలేదు. మధ్యలో ఎవరో తన కోటు సంగతి అడగబోతే, ఇవాళ ఇదొక్కటేనండీ అని తల ఎత్తకుండా చెప్పాడు.

చెట్టు బెరడు మరిగించిన రంగులో ముంచి తీసేసరికి పొద్దు వాలుతోంది. ఎండ లేదు. వరండాలో తీగ మీద వేస్తే గాలికి కూడా చెమ్మే. అందరూ చేతులెత్తేశారు. ఆయన ఇస్త్రీ పెట్టె వేడెక్కించి, కింద పాత దుప్పటి పరిచి, ఒక్కొక్క మడినీ ఆవిరి తేలేలా రుద్దడం మొదలుపెట్టాడు. చెమటతో ఆయన చొక్కా మళ్ళీ తడిసింది. ఇంకా దీపాలు పెట్టకముందే, వెచ్చవెచ్చగా ఉన్న చీవరాన్ని మడతపెట్టి పెద్దమ్మ చేతుల్లో పెట్టాడు.

తిరిగి వస్తుంటే వీధి పొడుగునా నీళ్ళు. ఆయన బండి పక్కన నడుస్తూ, ఒక్కరోజులో అయిపోయిందేమిటి అని తనలో తనే ఆశ్చర్యపోయాడు.

"ఒక్కటే ఒప్పుకున్నారు కాబట్టి," అన్నాను. ఈసారి ఆ మాట మెత్తగానే వచ్చింది. ఆయన గొడుగు కాస్త నావైపు వంచాడు.

మర్నాడు దుకాణం తెరిచాక వదిన ఎప్పట్లా కుర్చీ ఎక్కబోయింది. ఆయన బల్ల తుడుస్తూ, "అక్కా, కాస్త పక్కకి జరుగు," అన్నాడు. వదిన మూతి ముడుచుకుంది గానీ జరిగింది. ఆయన నన్ను పిలవలేదు. తెర మాత్రం పక్కకి లాగి మేకుకి తగిలించాడు. నేను వెళ్ళి కూర్చున్నాను.

మొదటి బేరంగా ఒకామె పిల్లకి గౌను కుట్టించడానికి నీలం బట్ట తెచ్చింది. ఆయన మొహం కరగడం చూశాను. బట్ట పరవడం చూశాను. కత్తెర తెరుచుకుని అంచు దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. ఆయన తల ఎత్తి నావైపు చూశాడు.

"వచ్చే నెల మొదట్లో అవుతుందండీ. అంతకంటే ముందు కాదు," అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. అయితే ఇంకోచోట కనుక్కుంటానంది. ఆయన బట్టని తన చేతులతోనే మడతపెట్టి ఇచ్చాడు. దాని మీద గాటు లేదు. ఆమె గుమ్మం దిగి వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. ఆయన ఉత్త కత్తెరని గాల్లో ఒకసారి కరుక్కుమనిపించాడు.

"రేపు వస్తుందిలే," అన్నాడు.

వస్తుందో రాదో నాకు తెలియదు. ఆ మాటే ఆయనతో అన్నాను. అని, కుర్చీలో ఇంకాస్త వెనక్కి జరిగి కూర్చున్నాను. ఆ వానాకాలం మొత్తంలో నేను కుదురుగా కూర్చున్నది అప్పుడే.